పశువు బతికితే సరిపోదు

మనుషులు పూనుకుని భూమ్మీద లేకుండా చేయగలిగిన వ్యాధులు ఇప్పటికి రెండే. మశూచి అంతరించిందని 1980లో, శతాబ్దాలపాటు పశువుల మందలకు మందలనే తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్ అంతరించిందని 2011లో ప్రకటించారు. రెండూ వైరస్ వల్ల వచ్చేవే. బాక్టీరియా వల్ల వచ్చే వ్యాధి ఒక్కటి కూడా ఈ వరుసలో చేరలేదు. విచిత్రమేమిటంటే ప్రయోగశాలలో తయారైన మొట్టమొదటి టీకాలు బాక్టీరియా మీదివే, అవి కూడా పశుపక్ష్యాదుల కోసం చేసినవే. లూయీ పాశ్చర్ 1880 ప్రాంతంలో కోళ్ల కలరాకు, 1881లో దొమ్మ (ఆంత్రాక్స్) రోగానికి టీకాలు చేశాడు. అంత ముందుగా మొదలుపెట్టిన పనిలో ఇంత వెనకబడడానికి కారణమేమిటని అడిగితే బాక్టీరియా చాలా సంక్లిష్టమైన జీవి అన్న జవాబు వస్తుంది. రిండర్‌పెస్ట్ వైరస్‌కు ఆరు జన్యువులుంటే మామూలు బాక్టీరియాకు వేలల్లో ఉంటాయి కాబట్టి ఆ జవాబును కాదనలేం. కానీ అందులో సగం నిజమే ఉంది.

పశువుల టీకాల తయారీనీ, వాటి పరీక్షలనూ దగ్గరనుంచి చూసినవాడిగా నాకు కనిపించే మిగతా సగం ఇది. ఒక టీకా మంచిదా కాదా అన్నది మనం ఒక్కొక్క పశువును పట్టుకుని తేలుస్తున్నాం. దానికి టీకా వేస్తాం, కొన్ని వారాల తర్వాత రోగకారక బాక్టీరియాను ఎక్కిస్తాం, బతికితే టీకా గెలిచిందంటాం. మందలో ఒకదానినుంచి మరొకదానికి వ్యాధి పాకడం తగ్గిందా, టీకా వేసిన పశువును రోగం సోకిన పశువు నుంచి వేరుచేసి గుర్తుపట్టగలమా, ఆ టీకాను కొనడానికి ఎవరికైనా కారణముందా అన్న ప్రశ్నలు ఎక్కువ సందర్భాల్లో టీకా తయారైపోయిన తర్వాతే మొదలవుతాయి. అవి ముందే మొదలై ఉంటే చాలా టీకాలు మరో రూపంలో వచ్చేవని నా వాదన.

ఈ కొలమానానికి పునాది ఎక్కడ పడిందో చెప్పడం కష్టం కాదు. 1881 మే నెలలో ఫ్రాన్సులోని పుయీ-ల-ఫోర్ అనే చోట ఒక పశువైద్యుడి క్షేత్రంలో పాశ్చర్ 24 గొర్రెలకు, ఒక మేకకు, కొన్ని ఆవులకు దొమ్మ టీకా రెండు విడతలుగా వేసి, మరో 24 గొర్రెలను, ఒక మేకను, కొన్ని ఆవులను టీకా లేకుండా పక్కన ఉంచాడు. మే 31న అన్నింటికీ దొమ్మ బాక్టీరియాను ఎక్కించారు. జూన్ 2న జనం, పత్రికలవాళ్లు, అధికారులు వచ్చి చూసేసరికి టీకా వేయని గొర్రెల్లో అత్యధికం చచ్చి పడి ఉన్నాయి, మిగిలినవి ఆ రోజు పొద్దుగూకేలోపు చచ్చిపోయాయి. టీకా వేసినవి నిలబడి మేస్తున్నాయి. అంత స్పష్టంగా కళ్లముందు కనబడే రుజువు విజ్ఞాన చరిత్రలో అరుదు. ఒక మధ్యాహ్నంలో, రెండు వరుసల్లో, చావుబతుకుల లెక్కతో విషయం తేలిపోయింది. ఆ తర్వాత నియంత్రణ సంస్థలు టీకాలకు రాసుకున్న పరీక్షలు చాలావరకు ఆ మధ్యాహ్నానికి చిన్న నకళ్లే.

దొమ్మ రోగానికి ఆ కొలమానం సరిపోయింది, అందుకు కారణం ఆ రోగం స్వభావమే. దొమ్మ సోకిన పశువు సాధారణంగా బతికుండగా తోటి పశువుకు రోగం అంటించదు. అది చచ్చిన తర్వాత నేలలోకి చేరిన బీజాలే దశాబ్దాల తరబడి ప్రమాదంగా మిగులుతాయి. అందువల్ల పశువును చావకుండా ఆపితే నేలను కొత్తగా కలుషితం కాకుండా ఆపినట్టే, ఒక్క పశువు లెక్కా మంద లెక్కా ఒకటే అయిపోతాయి. పాశ్చర్ టీకాలో ఒక విడత తయారైనట్టు మరో విడత తయారయ్యేది కాదు, కొన్నిచోట్ల అది పశువులనే చంపింది. ఆ చిక్కును 1930లలో దక్షిణాఫ్రికాలోని ఒండర్‌స్టెపోర్ట్ పరిశోధనాలయంలో మాక్స్ స్టెర్న్ తీర్చాడు. అతను వేరుచేసిన 34ఎఫ్2 రకానికి రక్షణ కవచంలాంటి పైపొర లేదు, విషం మాత్రం తయారవుతుంది. అంటే పశువు శరీరం ఆ విషాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది, పైపొర లేని బాక్టీరియా మాత్రం తెల్లకణాల చేతికి చిక్కి చస్తుంది. ఈ రెండు గుణాలూ రెండు వేర్వేరు ప్లాస్మిడ్లమీద (ప్రధాన జన్యుపదార్థానికి విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయాలమీద) ఉంటాయనీ, స్టెర్న్ రకం వాటిలో ఒకదాన్ని పోగొట్టుకుందనీ తెలిసింది 1980లలో. అప్పటికే ఆ టీకాను దశాబ్దాలుగా ప్రపంచమంతా వాడుతోంది, ఇప్పటికీ వాడుతోంది.

విషం ఒక్కటే ప్రధానంగా ప్రాణం తీసే రోగాల్లోనూ మన దారి సుగమంగానే సాగింది. గొర్రెలకు వచ్చే చిటుకు రోగంలో క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ డి రకం వదిలే ఎప్సిలాన్ విషమే హంతకి. ఆ విషాన్ని ఫార్మలిన్‌తో నిర్వీర్యం చేసి ఎక్కిస్తే చాలావరకు పని జరిగిపోతుంది. విషాన్ని ఫార్మలిన్‌తో, వేడితో అలా లొంగదీసే పద్ధతిని 1920లలో రూపొందించిన గాస్టన్ రామన్ వృత్తిరీత్యా పశువైద్యుడే. గుర్రాల్లో సూది గుచ్చినచోట వాపు వచ్చినప్పుడు యాంటీబాడీలు ఎక్కువగా పుడుతున్నాయని గమనించి, టీకాలో సహాయక పదార్థాలు కలపాలన్న ఆలోచనకు దారితీసింది కూడా అతనే. జబ్బవాపు టీకా కూడా ఈ కుదురుకే చెందుతుంది. వీటి గురించి ఇంతకంటే చెప్పుకోవలసింది లేదు, ఇవి పనిచేస్తాయి.

అసలు కథ వీటి తర్వాత మొదలవుతుంది. దూరప్రయాణం చేసిన దూడలకు ఊపిరితిత్తుల్లో వచ్చే న్యుమోనియాకు ప్రధాన కారకుల్లో ఒకటి మాన్‌హైమియా హీమోలైటికా. దాన్ని పోషక ద్రావణంలో పెంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుక్కు చేరిన బాక్టీరియా ముద్దను తీసుకుని, చంపి, టీకాగా వేయడం అప్పటికి అందరికీ తెలిసిన పద్ధతే. కొన్ని పరిశీలనల్లో ఆ టీకా వేసిన దూడల పరిస్థితి వేయనివాటికంటే అధ్వాన్నమైంది. కారణం తర్వాత బయటపడింది. ఈ బాక్టీరియా వేగంగా పెరిగే దశలో ల్యూకోటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది పశువు తెల్లకణాలను పగలగొడుతుంది. పగిలిన తెల్లకణాల్లోంచి కారిన ఎంజైములే ఊపిరితిత్తిని కాల్చేస్తాయి. చంపిన ముద్దతో చేసిన టీకా బాక్టీరియా పైభాగానికి ఎదురు యాంటీబాడీలను పుట్టించింది, అవి తెల్లకణాలను ఇంకా ఎక్కువగా అక్కడికి పిలిచాయి, విషానికి మాత్రం అడ్డు లేదు. ఆ విషం ఎక్కడ ఉండిపోయిందంటే, ముద్దను తీసుకున్నాక పారబోసిన పైతేట ద్రవంలో. టీకాకు కావలసినది పారబోత కాలువలోకి పోయింది, అక్కర్లేనిది సీసాలోకి ఎక్కింది. 1980లలో పరిశోధకులు ఆ పైతేట ద్రవాన్నే టీకాగా మలిచిన తర్వాతగానీ పరిస్థితి మారలేదు. ఈ విషం నెమరువేసే జంతువుల తెల్లకణాలనే ప్రధానంగా దెబ్బతీస్తుంది కాబట్టి చుంచెలుకల్లో ఎన్ని ప్రయోగాలు చేసినా ఆ సంగతి బయటపడేది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇది ఒక్క సూక్ష్మజీవితో ముగిసే విషయం కాదు. ఫ్లాస్కులో సమృద్ధిగా తిని పెరిగిన బాక్టీరియా, పశువు ఒంట్లో పస్తులుంటూ పోరాడే బాక్టీరియా చూడడానికి ఒక్కటే గానీ వాటి పైచర్మం ఒక్కటి కాదు. శరీరం ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ వంటి ప్రోటీన్లలో బిగించి దాస్తుంది. దాన్ని లాక్కోవడానికి బాక్టీరియా తన పైపొరమీద ప్రత్యేకమైన గ్రాహకాలను మొలిపిస్తుంది. ఇనుము పుష్కలంగా ఉన్న ద్రావణంలో వాటి అవసరమే ఉండదు కాబట్టి అవి పుట్టవు, టీకాలోకీ రావు. పశువులనుంచి మనుషులకూ సోకే క్యూ జ్వరానికి కారణమైన కాక్సియెల్లా బర్నెటీ విషయంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాన్ని కోడిగుడ్లలోనో కణాల పెంపకంలోనో పదేపదే పెంచుతూ పోతే దాని పైపొరలోని లైపోపాలీసాకరైడ్ (కొవ్వు, చక్కెరలు కలిసిన అణువు) గొలుసు క్రమంగా కురచైపోతుంది. మొదటి రూపాన్ని తొలి దశ అనీ, కురచైనదాన్ని రెండో దశ అనీ అంటారు. రెండో దశ బాక్టీరియాను ప్రయోగశాలలో పట్టుకోవడం క్షేమం, పెంచడం సులువు. దానితో చేసిన టీకా మాత్రం మేకల్లో గర్భస్రావాలను గానీ బాక్టీరియా విసర్జనను గానీ చెప్పుకోదగ్గంతగా ఆపలేదు. తొలి దశతో చేసినది ఆపుతుంది. పెంచేవాడి సౌకర్యానికీ టీకా సామర్థ్యానికీ ఇంత సూటిగా పడకపోవడం ఈ రంగంలో కొత్తగా చేరినవాళ్లకు మింగుడుపడని విషయం.

ఇక కణాల లోపలే కాపురముండే సూక్ష్మజీవుల దగ్గరికి వస్తే, ఒక్క పశువు బతకడం అనే కొలమానం పూర్తిగా చేతులెత్తేస్తుంది. చూడి పశువులు ఈసుకుపోవడానికి కారణమైన బ్రూసెల్లోసిస్ ఇందుకు అన్నింటికంటే మంచి ఉదాహరణ. ఈ రోగంతో ఆవు చావదు. దూడ పోతుంది, పాలు తగ్గుతాయి, మాయలోనూ స్రావాల్లోనూ పాలలోనూ కోట్లకొద్దీ బాక్టీరియా బయటికి వచ్చి తోటి పశువులకూ మనుషులకూ అంటుతుంది. దీనికి దశాబ్దాలుగా వాడుతున్న ఎస్-19 టీకా పుట్టిన తీరు ఎవరూ పథకం వేసి సాధించినది కాదు. 1923లో జాన్ బక్ ఒక జెర్సీ ఆవు పాలనుంచి వేరుచేసిన బాక్టీరియా గది ఉష్ణోగ్రతలో ఏడాదికి పైగా అలాగే ఉండిపోయి, తిరిగి చూసేసరికి తన తీవ్రతను కోల్పోయింది. చూడి పశువు మాయలో పుష్కలంగా ఉండే ఎరిత్రిటాల్ అనే చక్కెరను వాడుకునే జన్యువుల్లో ఒక ముక్క దానికి లేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అదృష్టం కొద్దీ దొరికిన ఆ రకం గర్భస్రావాలను బాగా తగ్గించింది.

అయితే దానితోపాటే ఒక చిక్కు వచ్చింది. బ్రూసెల్లోసిస్‌ను పట్టుకోవడానికి వాడే రోజ్ బెంగాల్ పరీక్ష చూడడానికి చాలా చిన్న పని. తెల్లటి పలకమీద ఒక చుక్క సీరం, పక్కనే అంతే పరిమాణంలో గులాబీ రంగు యాంటిజెన్ (రంగు పట్టించిన చచ్చిన బ్రూసెల్లా బాక్టీరియా) చుక్క వేసి, కలిపి, పలకను నాలుగు నిమిషాలు మెల్లగా ఊపుతూ చూస్తే, యాంటీబాడీలున్న చుక్కలో సన్నని గులాబీ రవ్వలు అంచులవైపు విడిపోతాయి, లేని చుక్క ఒకేలా నునుపుగా ఉండిపోతుంది. ఆ రవ్వలు ఏ యాంటీబాడీల వల్ల ఏర్పడతాయో సరిగ్గా ఆ యాంటీబాడీలనే ఎస్-19 కూడా పుట్టిస్తుంది. ఎదిగిన పశువుకు టీకా వేస్తే పరీక్షలో అది రోగిష్టి పశువుగా కనిపించే ప్రమాదముంది. రోగం ఉన్న పశువులను ఏరి తొలగించాలన్న కార్యక్రమమూ, రోగం రాకుండా టీకా వేయాలన్న కార్యక్రమమూ ఒకదాని కాళ్లకు ఒకటి అడ్డం పడ్డాయి. అందుకే దాన్ని పెయ్యదూడల వయసులోనే, ఆ యాంటీబాడీలు ఎదిగేనాటికి తగ్గిపోయేలా వేయమంటారు. ఈ అడ్డు తొలగించడానికే, ఆ యాంటీబాడీలు గుర్తుపట్టే పైపొర గొలుసు లేని ఆర్‌బీ-51 రకాన్ని తయారుచేశారు, అమెరికా 1996లో ఎస్-19 స్థానంలో దాన్ని తెచ్చుకుంది. పరీక్షకు అడ్డు తొలగింది గానీ, తయారీలో రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునేలా ఎంపికైన ఆ రకం, మనుషుల బ్రూసెల్లోసిస్ చికిత్సలో వాడే అదే మందుకు లొంగదు. 2017లో అమెరికాలో పచ్చిపాలు తాగినవారికి ఆ టీకా రకమే సోకిన ఉదంతం నమోదైంది. గొర్రెలు, మేకలకు వాడే రెవ్-1 రకానికి స్ట్రెప్టోమైసిన్‌తో ఇలాంటి ఇబ్బందే ఉంది. చూడితో ఉన్నవాటికి వేస్తే అది ఈసుకుపోయేలా చేయగలదు కూడా.

ఈ మూడు రకాలూ పశువును కాపాడతాయి. మూడింటిలోనూ ప్రధానమైన ఇబ్బంది వచ్చింది పశువు బయట. అంటే పరీక్ష చేసే పలకమీద, పాలు తాగిన మనిషిలో, టీకా వేస్తూ సూది చేతికి గుచ్చుకున్న పశువైద్యుడిలో. ఇవన్నీ తర్వాత ఎదురైన దురదృష్టాలని అనడం నాకు సమ్మతం కాదు. మొదటినుంచే టీకా లక్షణాల జాబితాలో రాసుకోవలసిన షరతులు అవి. పశువును కాపాడాలి, పరీక్షలో వేరుగా కనబడాలి, మనిషి చికిత్సకు వాడే ఏ మందుకూ నిరోధం ఉండకూడదు. ఈ మూడూ ముందే రాసుకుని ఉంటే ఎంపిక చేసే సాధనంగా ఆ యాంటీబయాటిక్‌ను వాడడానికి ఎవరూ సాహసించేవారు కాదు.

పశువుల క్షయ విషయంలో ఇదే పాఠం మరో వైపునుంచి వచ్చింది. ఫ్రెంచి శాస్త్రవేత్తలు కాల్మెట్, గెరాన్ పశువుల క్షయ బాక్టీరియానుంచే, 1908 నుంచి 1921 దాకా 230 సార్లు తిరిగి తిరిగి పెంచి చేసిన బీసీజీ టీకాను మనుషుల్లో విస్తారంగా వాడుతూ, ఏ పశువు రోగకారకాన్నుంచి అది పుట్టిందో ఆ పశువుకు మాత్రం వేయకుండా ఉండడానికి రెండు కారణాలు చెప్పేవారు. బీసీజీ వేసిన ఆవు ట్యూబర్‌కులిన్ చర్మ పరీక్షలో రోగిలా కనిపిస్తుందన్నది ఒకటి. రక్షణ పూర్తిగా ఉండదన్నది మరొకటి. మొదటిదానికి జవాబు దొరికింది. అన్నేళ్ల పెంపకంలో బీసీజీ పోగొట్టుకున్న ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే ప్రోటీన్లమీద ఆధారపడిన పరీక్ష చేస్తే, టీకా వేసిన పశువు వేరు, నిజంగా క్షయ సోకిన పశువు వేరుగా బయటపడతాయి. రెండోదానికి జవాబు ఇథియోపియాలో జరిగి 2024లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. ఆ అధ్యయనం అడిగిన ప్రశ్నే వేరు కాబట్టి దానిమీద కొంచెం ఆగుతాను.

అక్కడ టీకా వేసిన దూడలకు బాక్టీరియాను సూదితో ఎక్కించలేదు. సహజంగా క్షయ సోకిన ఆవుల మధ్య టీకా వేసినవాటినీ వేయనివాటినీ ఏడాదిపాటు కలిపి ఉంచారు. రెండో దశలో, అలా ఏడాది గడిపిన పశువులనే తీసుకెళ్లి ఇంకా ఏ రోగమూ అంటని కొత్త పశువుల మధ్య ఉంచి, వాటికి ఎంత అంటించాయో చూశారు. మొదటి దశలో టీకా వల్ల రోగం సోకే అవకాశం దాదాపు 58 శాతం తగ్గింది. ఇక్కడితో ఆపి ఉంటే పాత కొలమానం ప్రకారం ఇది ఒక మోస్తరు టీకా అనిపించుకుని మూలన పడేది. రెండో దశలో తేలింది ఏమిటంటే, టీకా వేసినా రోగం సోకిన పశువులు కూడా ఇతరులకు అంటించే సామర్థ్యం దాదాపు 74 శాతం తగ్గింది. ఈ రెండింటినీ గుణించి చూడాలి. వందసార్లు జరగవలసిన సంక్రమణ మొదట 42కు తగ్గుతుంది, ఆ 42లో 26 శాతమే ముందుకు సాగితే మిగిలేది 11. అంటే మంద స్థాయిలో ప్రభావం 89 శాతం. ఒక్కొక్క పశువులో సగానికి కొంచెం ఎక్కువగా పనిచేసిన టీకా మందలో పదింట తొమ్మిది వంతుల వ్యాప్తిని కోసేయగలదు. ఇన్నేళ్లూ బీసీజీని పశువులకు పనికిరాదని పక్కన పెట్టడానికి వాడిన లెక్క సగం లెక్క.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేను. అరకొరగా పనిచేసే టీకాలు రోగాన్ని ఆపకపోగా, తీవ్రమైన రకాలకు ఊపిరి పోస్తాయన్నది ఆ అభ్యంతరం. కోళ్లకు వచ్చే మారెక్స్ వ్యాధిపై ఆండ్రూ రీడ్ బృందం 2015లో చూపించింది ఇదే. అది వైరస్ వ్యాధే అయినా తర్కం బాక్టీరియాకూ వర్తిస్తుంది. టీకా లేని కోడిని త్వరగా చంపేసి, ఆ చావుతో తన వ్యాప్తిని తానే ఆపుకునే భయంకరమైన రకం, టీకా వేసిన కోడిలో ఆ కోడి బతికుండడం వల్లే ఎక్కువకాలం విసర్జన అవుతూ మిగతావాటికి అంటుతుంది. ఒక్కో పశువును కాపాడి వ్యాప్తిని ఆపలేని టీకా మందకు మేలు చేయకపోవచ్చు, కీడే చేయవచ్చు. కాబట్టి బాగా పనిచేయని టీకాలను రంగంలోకి దించవద్దంటారు వీళ్లు. నేను అదే ఆధారాన్ని పట్టుకుని మరో నిర్ణయానికి వస్తాను. మారెక్స్ టీకా అనుమతి పొందింది కోడి బతుకుతుందా లేదా అన్న కొలమానం మీదే. అది వ్యాప్తిని ఎంత తగ్గిస్తుందో కొలిచే షరతు ఉండి ఉంటే ఈ ప్రమాదం ముందే కనిపించేది. అరకొర టీకాల భయానికి మందు వ్యాప్తిని కొలవడమే. 58 శాతం రక్షణ ఇచ్చే ఒక టీకా మంచిది కావచ్చు, అదే 58 శాతం ఇచ్చే మరొకటి ప్రమాదకరం కావచ్చు. ఆ తేడాను చావుబతుకుల పట్టిక చూపించదు.

టీకాలెందుకు, పరీక్షించి రోగిష్టి పశువులను తొలగిస్తే సరిపోదా అనేవారూ ఉన్నారు. ఆస్ట్రేలియా ఆవుల బ్రూసెల్లోసిస్‌నూ క్షయనూ అలాగే వదిలించుకుంది. తొలగించిన ప్రతి పశువుకూ పరిహారం ఇచ్చే ఖజానా, ప్రతి పశువు కదలికనూ నమోదు చేసే వ్యవస్థ ఉన్నచోట అది జరుగుతుంది. లేనిచోట జరగదు. బ్రూసెల్లోసిస్‌లో ఆ దారిన నడిచిన దేశాలు కూడా చాలావరకు ముందు ఎస్-19తో రోగాన్ని తగ్గించుకుని తర్వాతే ఏరివేతకు దిగాయి.

ఎవరి కోసం ఈ టీకా అన్న ప్రశ్న ఇంకా ఇబ్బందికరమైనది. గుడ్లద్వారా మనుషులకు వచ్చే సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్ గుడ్లు పెట్టే కోడిని పెద్దగా ఇబ్బంది పెట్టదు. బ్రిటన్‌లో 1990ల చివరినుంచి గుడ్లకోళ్లకు విస్తృతంగా టీకాలు వేయడం మొదలయ్యాక మనుషుల్లో ఆ జబ్బు బాగా తగ్గింది. గుడ్లమీద ముద్ర వేసి అమ్మే పరిశ్రమ ఒప్పందంలో టీకా భాగమైంది కాబట్టి ఖర్చు పెట్టిన పెంపకందారుకు మార్కెట్లో ప్రతిఫలం దొరికింది. ఇందుకు పూర్తిగా ఎదురు కథ ఈ. కోలై ఓ157ది. మనుషుల్లో మూత్రపిండాలను దెబ్బతీసే ఈ బాక్టీరియా ఆవుల పేగుల్లో వాటికి ఏ హానీ చేయకుండా ఉంటుంది. అది పేగు గోడకు అంటుకోవడానికి వాడే ప్రోటీన్లతో చేసిన టీకాకు 2008లో కెనడాలో అనుమతి వచ్చింది. ఆవు పేడలో బాక్టీరియాను అది తగ్గించింది. కానీ దాన్ని కొనవలసినవాడికి తన ఆవుల్లో ఏ తేడా కనిపించదు, మాంసం ధరలో ఏ తేడా రాదు, మేలు పొందే మనిషి ఎక్కడో ఉంటాడు. కొన్నేళ్లకే ఆ టీకా తయారీ ఆగిపోయింది. శాస్త్రం దాని వంతు చేసింది, ఆ టీకాకు ఎవరు డబ్బు కట్టాలన్న మాట ఎవరూ తేల్చలేదు. నెదర్లాండ్స్‌లో 2007 నుంచి 2010 దాకా క్యూ జ్వరం నాలుగు వేలమందికి పైగా మనుషులకు సోకి, యాభై వేలకు పైగా మేకలను చంపవలసి వచ్చింది, ఆ విపత్తు నడుస్తుండగానే పాడి మేకలకు టీకాను చట్టంతో తప్పనిసరి చేశారు. నష్టం మొదలయ్యాక చేసిన పనిని అంతకుముందే చేసి ఉండవచ్చు.

లక్ష్యం ముందు నిర్ణయించుకుంటే పని ఎంత సూటిగా సాగుతుందో చూపే ఉదాహరణ కూడా ఉంది. పుట్టిన మొదటి మూడు నాలుగు రోజుల్లోనే పారుడుతో చచ్చిపోయే దూడకు టీకా వేయడం వృథా, రక్షణ పుట్టేలోపు దూడ ఉండదు. ఆవు మాయ ద్వారా యాంటీబాడీలు దూడకు అందవు, జున్నుపాల ద్వారానే అందుతాయి. కాబట్టి చూడి ఆవుకు టీకా వేసి, దూడ పేగు గోడకు ఈ. కోలై అంటుకునే కే-99 నూగుకు ఎదురు యాంటీబాడీలను జున్నుపాలలోకి రప్పించారు. పేగుకు అంటుకోలేని బాక్టీరియా కొట్టుకుపోతుంది. ఎప్పుడు, ఎవరికి, ఏ దశలో అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే టీకాలో ఏం పెట్టాలో తేలింది. దూడకు సమయానికి జున్నుపాలు పట్టించకపోతే టీకా మొత్తం వృథా అన్నది దీనికి మరో పార్శ్వం.

క్షేత్రంలో టీకా ఎలా ఉంటుందో ప్రయోగశాలకు గుర్తుచేయవలసిన అవసరం తరచూ వస్తుంది. గొంతువాపుకు వాడే టీకాలనే తీసుకోండి. పటిక కలిపినది నాలుగు నుంచి ఆరు నెలలు రక్షణ ఇస్తుంది, నూనె కలిపినది తొమ్మిది నెలలనుంచి ఏడాదిదాకా ఇస్తుంది. కాగితంమీద నూనెదే పైచేయి. మంచుపెట్టెలోంచి తీసిన నూనె టీకా మీగడలా చిక్కగా, తెల్లగా ఉంటుంది. సన్న సూదిలో ఎక్కదు, లావు సూది పెట్టినా బొటనవేలు నొప్పెట్టేదాకా నొక్కితేగానీ దిగదు, ఈలోపు పశువు మెడ విదిలిస్తుంది, సగం మందు వెంట్రుకల మీద పడుతుంది. గుచ్చినచోట గడ్డ కడితే ఆ పశువు యజమాని మరుసటి ఏడు పశువును తీసుకురాడు, అతన్ని తప్పుపట్టడానికి నాకు కారణం కనిపించదు. గొంతువాపుకు కారణమైన పాశ్చరెల్లా బాక్టీరియాలోనే, జింకనుంచి వేరుచేసిన మరో రకంతో చేసి ముక్కులోకి పిచికారీ చేసే సజీవ టీకాను మయన్మార్‌లో వాడారు. సూది లేకపోవడమే దాని పెద్ద గుణం. సజీవ టీకాల్లో ఇంకో చిక్కు ఉంది. ఎండ తగిలిన సీసాలో బతికున్న బాక్టీరియా సంఖ్య పడిపోయినా ద్రవం రంగు మారదు, వాసన మారదు. చచ్చిన టీకా వేశామని ఎవరికీ తెలియదు. సీసాల పరిమాణం సంగతి చెప్పకుండా ఉండలేను. ఎన్నో మోతాదులు పట్టే సీసాను ఒకసారి కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి, రెండు మూడు పశువులున్న ఇంటికి ఆ సీసా ఎందుకూ కొరగాదు. చిన్న సీసాల్లో నింపడానికి ఏ కొత్త జన్యు పరిజ్ఞానమూ అక్కర్లేదు.

యాంటీబయాటిక్‌ల వాడకం తగ్గించడానికి టీకాలు కావాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. ఆ మాటకు ఉన్న ఆధారాల్లో బలమైనది నీటిలో దొరుకుతుంది. నార్వేలో సాల్మన్ చేపల పెంపకం 1987లో దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్‌లు వాడింది. నూనె కలిపిన టీకాలను పిల్లచేపల కడుపులోకి ఒక్కొక్కదానికీ సూదితో ఎక్కించడం మొదలుపెట్టాక 1990ల మధ్యకల్లా ఆ వాడకం కుప్పకూలింది, ఆ తర్వాత ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా ఒక టన్నుకు అటూఇటూగానే ఉండిపోయింది. అయితే అది టీకా ఒక్కదాని ఘనత కాదు. ఒక తరం చేపలను మరో తరంతో కలవనివ్వకపోవడం, పెంపకం తర్వాత నీటిని కొంతకాలం ఖాళీగా వదలడం దానితోపాటే జరిగాయి. టీకా వల్ల చేప కడుపులో అవయవాలు అతుక్కుపోయే దుష్ఫలితమూ ఉంది, అయినా పరిశ్రమ దాన్ని అంగీకరించింది. లక్షలాది చేపలు ఒకే నీటిలో ఉన్నచోట ఒక్కొక్క చేప లెక్క ఎవరికీ తోచదు, మొదటినుంచీ నీటికుండీ మొత్తం లెక్కే చూసుకుంటారు. పాడి పశువుల పొదుగువాపు టీకాలను ఇంకా ఆవు ఆవుకూ విడివిడిగా కొలుస్తున్నాం. పొదుగువాపు కారకుల్లో ఒకటైన స్టఫిలోకాకస్ ఆరియస్ ఒక ఆవు పొదుగునుంచి మరో ఆవు పొదుగుకు పాలు పితికే చేతులమీదుగానో యంత్రపు గొట్టాలమీదుగానో పాకుతుందని తెలిసి కూడా, టీకా వేసిన ఆవుకు ఎంత ఉపశమనం కలిగిందన్నదే ఎక్కువగా నమోదు చేస్తున్నాం.

నేను అడుగుతున్నది ఖర్చుతో కూడిన పని. ఇథియోపియాలో చేసినట్టు పశువులను కలిపి ఏడాది ఉంచి, మళ్లీ కొత్త పశువులతో మరో ఏడాది ఉంచడానికి పశువులు, మేత, కంచె వేసిన స్థలం, చివర్లో వాటన్నింటినీ కోసి పరీక్షించే చేతులు కావాలి. ఒక టీకా కంపెనీ ఇంత ఖర్చును తనంతట తాను నెత్తిన వేసుకోదు, అనుమతికి అది షరతు కానంతకాలం వేసుకోవలసిన అవసరమూ లేదు. అందుకే ప్రతి టీకాకూ అలాంటి పరీక్ష కావాలని నేననను. చిటుకు రోగపు టీకాకు అది దండగ. బ్రూసెల్లోసిస్, క్షయ, పొదుగువాపు, క్యూ జ్వరం వంటి, పశువు చావకుండా ఇతరులకు అంటించుకుంటూ తిరిగే వ్యాధులకైతే, టీకా వేసిన పశువు పక్కన టీకా వేయని పశువును కట్టేసి అది ఎన్నాళ్లకు జబ్బుపడుతుందో చూసే ఒక్క ప్రయోగమైనా అనుమతి పత్రాల్లో ఉండాలి. మొదటి విడత ఖర్చును ప్రజాధనంతో భరించడం సబబని కూడా నా ఉద్దేశం, ఎందుకంటే ఆ పక్క పశువు ఎప్పుడూ టీకా కొన్నవాడిది కాదు.